పురపాలనలో కర్త యెవరు?

ఆషాఢమాసపు వాన అరగంట గట్టిగా కురిసిన సాయంత్రము డెల్టాలోని ఏ చిన్న పట్టణమునకైనను పోయి, బస్‌స్టాండు వెనుక సందులో నిలిచి చూచినచో, పురపాలనముపై గ్రంథములు పది చదివినను బోధపడని సంగతి యొకటి కన్నుల కగపడును. మోకాలిలోతు నీరు, దానిపై తేలుచున్న పాలిథిన్ సంచులు, దుకాణముల మెట్లెక్కి నిలిచిన జనము, వారందరి నోటను ఒకే మాట: "మునిసిపాలిటీ వాళ్ళేం చేస్తున్నారు?" ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ నీరేల నిలిచినదని విచారింప బూనినచో కథ వేరు దారి పట్టును. కాలువపై పలకలు పరచి దానిని తన దుకాణపు అరుగుగా చేసికొన్నవాడు వర్తకుడు; వాలు చూడక ఆ కాలువను కట్టినవాడు గుత్తేదారు; అంచనా వేసి ఆమోదించినది పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగు శాఖ; ప్రక్కనున్న పెద్ద రోడ్డు ఆర్ అండ్ బి వారిది; ఈ నీరు పోయి పడవలసిన పెద్ద డ్రెయిను జలవనరుల శాఖది; దిగువనున్న పల్లపుభూమిని ఇండ్ల స్థలములుగా మార్చుట కనుమతించిన కాగితము మరియొక కార్యాలయమునుండి వచ్చినది. పురపాలక సంఘమునకు మిగిలినది ఆ తిట్టు మాత్రమే.

వాక్యమునకు కర్త, కర్మ, క్రియ యని చిన్ననాడు బడిలో వల్లెవేసితిమి. పురపాలన మను వాక్యములో కర్త రాజధానిలో కూర్చుండును, క్రియను గుత్తేదారు నడపును, కర్మ పట్టణవాసిది. చట్టములు మాత్రము నూట నలువది యేండ్లుగా కర్త ఊరివాడే యని చెప్పుచున్నవి. ఈ చెప్పుటకును జరుగుటకును నడుమగల దూరమును మన చిన్న పట్టణముల అనుభవము ననుసరించి కొలిచి చూడవలెనని నా యుద్దేశము. హైదరాబాదు, విశాఖపట్నము, విజయవాడల గూర్చి వ్రాయువారు చాలమంది కలరు. లక్ష, లక్షన్నర జనాభాతో, ఒక కమిషనరుతో, నాలుగైదు ట్రాక్టర్లతో కాలక్షేపము చేయు ఊళ్ళ గూర్చి వ్రాయువారు తక్కువ.

వీథిని శుభ్రముగ నుంచుట పాలకుని పని యను భావన మన దేశమున క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాగరికుని విధుల ప్రకరణములో, వీథిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవవంతు, బురదతోనో నీటితోనో దారి కట్టినవానికి నాల్గవవంతు దండుగ విధింపబడినది. దండుగ వసూలైనదో లేదో శాస్త్రము చెప్పదు. కాని నేటి అర్థములో పురపాలక సంఘ మనునది కంపెనీ దొరతనపు చివరి దినములలో పుట్టినది. ఊరివారు కోరినచో సంఘ మేర్పరచుకొనవచ్చునని 1850 నాటి చట్టము చెప్పగా, మన తీరమున భీమునిపట్టణము 1861 లోనే పురపాలక సంఘమును పొంది, దేశములోని మిక్కిలి పాతవానిలో ఒకటిగా నిలిచినది. డచ్చివారి సమాధులు, ఓడల వర్తకము, దీపస్తంభము గల ఆ చిన్న రేవుపట్టణమున కంత తొందరగా ఆ గౌరవము దక్కుటకు కారణము అచ్చటి యూరోపియను వర్తకుల నివాసమని వేరుగ చెప్ప నక్కరలేదు. పిదప చెన్నపట్టణపు దొరతనమువారు 1865 లో పట్టణాభివృద్ధి చట్టము చేయుటతో, 1866 లో రాజమహేంద్రవరము, కాకినాడ, గుంటూరు, బందరు, నెల్లూరు వరుసగా పురపాలక సంఘము లైనవి. అభివృద్ధి యను పేరు చట్టమున కున్నను, ఆ దినములలో పట్టణపు పోలీసుల ఖర్చులో పెద్దభాగమును ఊరి పన్నునుండి రాబట్టుట దాని ముఖ్య ప్రయోజనములలో ఒకటి. పుట్టుకలోనే పడిన ఈ ముడి, అనగా పైవారి భారమును క్రిందివారి పేర వసూలు చేయుట, తరువాతి కథలో మరల మరల కనబడును.

రిప్పన్ ప్రభువు 1882 మే 18 న వెలువరించిన తీర్మానమును మన దేశపు స్థానిక స్వపరిపాలనకు మూలపత్ర మందురు. పాలన చక్కగా సాగుటకన్న ప్రజలకు రాజకీయ శిక్షణ కలుగుటయే ముఖ్యమని ఆయన తలచెను. 1884 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టముతో పన్ను చెల్లించు గృహస్థులు సభ్యులలో పెద్దభాగమును ఎన్నుకొను హక్కును పొందిరి. ఆ శిక్షణ వృథా పోలేదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షులైనది ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే, ఇంకను ముప్పదియేండ్లు చుట్టుప్రక్కల వయసున; వీథిదీపముల తగవులు, కుళాయి గొట్టముల తగవులు తీర్చిన చేతులే పిదప రాష్ట్రపాలన పగ్గములు పట్టినవి. నాటి నాయకులు పలువురికి పురపాలక సంఘము మొదటి మెట్టు. నేడది చాలమందికి పైమెట్టు దొరకనప్పటి ఆశ్రయము.

ఐనను తెలుగుదేశమున పురపాలక చరిత్ర యనగా నా కెప్పుడును ముందుగ స్ఫురించునది ఒక ఊరు పురపాలక సంఘమును వద్దన్న కథ. చీరాల, పేరాల గ్రామములును వాని చుట్టునున్న పేటలును అంతవరకు ఒక యూనియనుగా, అనగా పురపాలక సంఘముకన్న చిన్న స్థానిక సంఘముగా, నుండి, స్వల్పమైన పన్నుతో కాలము గడుపుచుండెడివి. జనులలో అధికులు నేతగాండ్రు, చిల్లర వర్తకులు, కూలీలు. 1919 లో దొరతనమువారు ఆ యూనియనును పురపాలక సంఘముగ మార్చిరి. పారిశుద్ధ్యము, మంచినీరు కావలెనన్నచో పన్ను హెచ్చవలెనని సర్కారు వాదము. ఆ పన్ను పలురెట్లు పెరిగినది, నీళ్ళును రాలేదు, అడిగినవారెవ్వరును లేరు అని ఊరివారి వాదము. ఎన్నికైన సభ్యులు రాజీనామాలిచ్చిరి. దొరతనము వెనుకకు తగ్గక జీతపు అధికారి చేత పాలన నడిపించెను. పన్ను కట్టనివారిని జైలుకు పంపెను, అందొక స్త్రీయు కలదు. అప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు రంగమున ప్రవేశించిరి. ఎడింబరోలో చదివి వచ్చిన ఆ విద్యావంతుడు, పాటయు ఆటయు ఎరిగిన ఆ రసికుడు, రామదండు అను సేవకదళమును కూర్చి, 1921 ఏప్రిలులో అచ్చటికి వచ్చిన గాంధీగారి సలహాను విని, చట్టమున కెదురు తిరుగుటకంటె చట్టపు సరిహద్దు దాటిపోవుట మేలని నిశ్చయించెను. సుమారు పదునైదు వేల జనాభాలో మిక్కిలి పెద్దభాగము తమ ఇండ్లను వదలి, పురపాలక సంఘపు ఎల్లకు ఆవల పాకలు వేసికొని, ఆ స్థలమునకు రామనగర మని పేరు పెట్టుకొని, ఎండకు ఎండి వానకు తడిసి, పదునొకండు నెలలు నిలిచిరి. నాయకుడు జైలు పాలగుటతోను, చేతిలో డబ్బు అయిపోవుటతోను వారు తిరిగి వచ్చిరి.

ఈ కథను స్వాతంత్ర్య సంగ్రామపు అధ్యాయముగ చదువుట మనకలవాటు. అది నిజమే, కాని పురపాలన దృష్టితో చూచినచో దానిలో మరియొక విషయము దాగియున్నది. చీరాలవారికి పారిశుద్ధ్యము అక్కరలేదని కాదు. రామనగరమున వారు తమ వీథులను తామే తీర్చుకొని, తమ తగవులను తామే పరిష్కరించుకొనిరి. తామడుగని సంఘమును తమ నెత్తిన పెట్టి, దాని ఖర్చును తమచేత కట్టించి, దాని లెక్కను తమకు చూపకపోవుటను వారు సహింపలేదు. సర్కారు వాదములోను సత్యము లేకపోలేదు. నేతపనివారి ఊరిలో అద్దకపు మురుగు, ఇరుకు సందులు, కలరా, ఇవన్నియు యూనియను ఆదాయముతో తీరునవి కావు. పన్ను లేనిదే కాలువ లేదు, కాలువ కనబడనిదే పన్ను రాదు. ఈ చిక్కుముడిని 1921 లో ఎవరును విప్పలేదు. నేటికిని విప్పినట్లు కనబడదు.

స్వాతంత్ర్యానంతరము రెండు వేరు వేరు సంప్రదాయములు ఒక రాష్ట్రమున కలిసినవి. కోస్తా, రాయలసీమలు 1920 నాటి మద్రాసు చట్టముక్రింద, తెలంగాణము 1956 నాటి హైదరాబాదు జిల్లా పురపాలక చట్టముక్రింద నడచుచుండగా, 1965 లో ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టము రెంటిని ఏకము చేసెను. చట్టము లేకమైనను మాట లేకము కాలేదు. అచ్చట నల్లా, ఇచ్చట కుళాయి. అచ్చట మోరీ, నాలా, ఇచ్చట మురుగుకాలువ. వ్యవసాయభూమిని ఇండ్ల స్థలముగ మార్చు అనుమతికిని రెవెన్యూవారి భాషలో 'నాలా' యనియే పేరగుట చూచి నవ్వుకొన్నవారు లేకపోలేదు. ఏలయన కాగితపు నాలా మంజూరైన చోటులనే నీటి నాలా మాయమగుచుండును.

1965 నాటి చట్టమున అధ్యక్షుడును కలడు, కమిషనరును కలడు. సభ తీర్మానించును, కమిషనరు అమలుపరచును, తీర్మానము రాష్ట్ర ప్రభుత్వమునకు నచ్చనిచో రద్దగును. సభనే రద్దుపరచి ప్రత్యేకాధికారిని కూర్చుండబెట్టు అధికారమును ప్రభుత్వమునకు కలదు. అధ్యక్షుని ఒకప్పుడు ఓటర్లే నేరుగ ఎన్నుకొనిరి, ఒకప్పుడు కౌన్సిలర్లు ఎన్నుకొనిరి. ఏ పద్ధతి మంచిదో తేల్చుకొనుటలో ఊరి అనుభవముకన్న అధికారమందున్న పక్షపు సౌలభ్యమే ప్రధానమైనట్లు తోచును. 1993 జూన్ 1 న అమలులోనికి వచ్చిన 74 వ రాజ్యాంగ సవరణము ఈ దుస్థితిని మాన్పుటకై పుట్టినది. ఐదేండ్ల పదవీకాలము, సభ రద్దైనచో ఆరు మాసములలో ఎన్నిక, రాష్ట్ర ఆర్థిక సంఘము, పండ్రెండవ షెడ్యూలులో పట్టణ ప్రణాళిక మొదలుకొని శ్మశానముల వరకు పదునెనిమిది విధులు, అంతయు వ్రాతలో చక్కగనే యున్నది. ఆచరణ మాటయో? సమైక్యరాష్ట్రమున 2010 లో ముగిసిన పురపాలక సభల స్థానమున క్రొత్తసభల కెన్నికలు జరుగుటకు 2014 మార్చి చివరివరకు కాలము పట్టెను. విభజనానంతర ఆంధ్రప్రదేశమున 2019 లో ముగిసిన సభలకు 2021 మార్చిలో గాని ఎన్నికలు జరుగలేదు. నడుమ కరోనా వచ్చిన మాట నిజమే కాని, ఆలస్యపు తొలి మాసములకు ఆ వ్యాధి కారణము కాదు. తెలంగాణమున 2020 జనవరిలో ఎన్నికైన సభలలో పెక్కింటి గడువు 2025 జనవరిలో తీరగా మరల ప్రత్యేకాధికారులే వచ్చిరి. శాసనసభకు ఎన్నిక నాలుగేండ్లు ఆలస్యమైనచో దేశ మూరకుండునా? ఊరి సభ లేని లోటు ఎవరికిని కొరతగ తోపకపోవుటయే, ఆ సభ చేతిలో ఎంత అధికార మున్నదో చెప్పుచున్నది.

పదునెనిమిది విధులను లెక్కించి చూచినచో ఈ మాట మరింత తేటపడును. అగ్నిమాపకము షెడ్యూలులో నున్నను రాష్ట్ర శాఖ చేతిలోనే యున్నది. పట్టణ ప్రణాళికపై పట్టణాభివృద్ధి సంస్థల నీడ పడినది. నీటిపథకములను రాష్ట్ర ఇంజనీరింగు శాఖ కట్టి, కట్టిన పిదప నిర్వహణను సంఘమున కప్పగించి పోవును. పెండ్లి వేరొకరు చేసి కాపురపు ఖర్చు నీదే యన్నట్లు. కనుక మునిసిపాలిటీకి నిక్కముగ స్వంతమై మిగిలినవి చెత్త, మురుగు, వీథిదీపము, జనన మరణముల రిజిస్టరు. ఇందులో వీథిదీపమును గూర్చి చెప్పవలసినది కొంచెమే: ఎల్.ఇ.డి. దీపములు వచ్చిన పిదప బిల్లు తగ్గినది, వెలుగు పెరిగినది, బల్బు పోయినచో మార్చువాడు మాత్రము వేరే ఊరి కంపెనీవాడైనాడు.

ఇక డబ్బు. ఇంటిపన్ను పురపాలక సంఘపు ముఖ్యాధారము. చిరకాలము అది ఇంటికి రాదగిన వార్షికాద్దె ననుసరించి వేయబడుచుండెను. అద్దె నిర్ణయించువాడు ఇంటి ముందు నిలిచి అరుగు కొలిచి గోడ తట్టి చూచు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. అతని దయాదాక్షిణ్యములపై పన్ను ఆధారపడియుండె ననుట అతిశయోక్తి కాదు. ఒకే వరుసలోని రెండు జంట యిండ్లకు రెండు పన్నులున్న వీథిని నేనెరుగుదును. ఆంధ్రప్రదేశమున 2021 నుండి మూలధన విలువ, అనగా రిజిస్ట్రేషను శాఖవారి విలువ, ఆధారమైనది. ఒక్కసారిగ భారము పడకుండ పెంపుదలకు ఏటికి నూటికి 15 అను మితి పెట్టిరి. మితి మంచిదే, ఏటేట పెరుగునను మాటయే పట్టణవాసిని బెదరించినది. వృత్తిపన్నును 1987 లోనే రాష్ట్రము తన చేతిలోనికి తీసికొనినది. సినిమాహాళ్ళ వినోదపు పన్ను 2017 లో జి.ఎస్.టి.లో కలిసిపోయినది. తేరగ వచ్చు ఆదాయములు పైకి పోవగా, అడుగబోయినచో తిట్లు తినవలసిన ఆదాయములు క్రింద మిగిలినవి.

కొరతను కేంద్ర ఆర్థికసంఘపు నిధులు పూరించునందురు. పదునైదవ ఆర్థికసంఘము పదిలక్షల లోపు జనాభాగల పట్టణముల కిచ్చు ధనములో నూటికి అరువది వంతులను మంచినీటికిని పారిశుద్ధ్యమునకును ముడివేసెను. ముడి తప్పు కాదు. తిన్నగ ఖర్చు పెట్టునని నమ్మకము లేనప్పుడు ఇంటి పెద్ద పిల్లవానికి పుస్తకములకే యని డబ్బిచ్చును. కాని పిల్లవాడు నూట అరువది యేండ్లవాడైనను ఇంకను లెక్క అప్పగించుచునే యున్నాడు.

చెత్త రుసుము కథ చీరాల కథకు మనుమని వంటిది. ఆంధ్రప్రదేశమున 2021 అక్టోబరులో ఇంటింట చెత్త సేకరణకై ఆకుపచ్చని బండ్లు, మూడు రంగుల బుట్టలు వచ్చినవి. వానితోకూడ నెలకు ఇంటికి 120 రూపాయల వరకు రుసుమును వచ్చినది. వాడుకరి రుసుమని ప్రభుత్వమన్నను జనులు దానికి చెత్తపన్నని పేరు పెట్టిరి. మన భాషలో ఆ మాటకున్న రెండర్థములును వారికి తెలియకపోలేదు. ఇంటిపన్నులో పారిశుద్ధ్యపు భాగము ముందే యుండగా మరల దేనికని వారడిగిరి. ఎన్నికలలో అది యొక నినాదమైనది, ప్రభుత్వము మారినది, 2024 అక్టోబరు 2 న బందరులో ముఖ్యమంత్రి దాని రద్దును ప్రకటించిరి. పెట్టినవారును రాజధానివారే, తీసినవారును రాజధానివారే. చెత్త నెత్తు పని ఏ ఊరిదో ఆ ఊరి సభ ఈ రెండు నిర్ణయములను పత్రికలలో చదువుకొన్నది.

నీటి సంగతి కొంచెము నిలిచి చెప్పవలసినది. గోదావరి, కృష్ణా డెల్టాల పట్టణములు నీటి నడుమ నుండియు నీటికి మొగము వాచునవి. పంటలు ముగిసి వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు గుడివాడ, భీమవరము, బందరు వంటి ఊళ్ళు ముందుగ నింపుకొన్న వేసవి చెరువులపై ఆధారపడవలెను. కాలువ కట్టుటకు ముందు ఆ చెరువు నిండకపోయినచో మే నెల గడచుట బ్రహ్మప్రళయము. ఒంగోలు పరిస్థితి మరియు కఠినము: సాగరు కుడికాలువ చివరి నీటితో చెరువులు నింపుకొని, రోజు విడిచి రోజు, ఒక్కొక్కప్పుడంతకన్నను ఆలస్యముగ, కుళాయి తెరచు ఊరది. మురుగునీటి గొట్టములు లేని పట్టణమున మనిషికి దినమునకు 70 లీటర్లు, ఉన్నచోట 135 లీటర్లు ఇయ్యవలెనని ఇంజనీర్ల ప్రమాణము. సరాసరి తీసినచో చాల ఊళ్ళు ఈ లెక్క నందుకొన్నట్లే కాగితమున కనబడును. కాని సరాసరికి దాహము లేదు. గొట్టపు మొదటనున్న యింటివాడు మోటారు బిగించి మేడపైకి నీరు లాగుచుండగా చివరి సందులో బిందెల వరుస ఎదురుచూచుచుండును.

రోజులో గంట మాత్రము నీరు వదలుటలో మరియొక అపాయము కలదు. దీనిని పట్టణవాసులు చాలమంది ఎరుగరు. గొట్టమున నీరున్నంతసేపు లోపలి ఒత్తిడి బయటి మురికిని రానీయదు. నీరాపగనే గొట్టము వట్టిపోయి, పగుళ్ళలోనుండి చుట్టునున్న తేమను లోనికి పీల్చుకొనును. మన సందులలో ఇంటి కనెక్షను గొట్టములు పలుచోట్ల మురుగుకాలువలోనుండియే పోవును. ఇక చెప్పనేల? 2018 మార్చిలో గుంటూరులో అతిసారము ప్రబలి పలువురు ప్రాణములు కోల్పోయినప్పుడు కుళాయినీటిలో మురుగు కలియుటయే కారణమని తేలినది. పాతగొట్టములు మార్చుట శంకుస్థాపనకు పనికిరాని పని. నేలలోపల జరుగు పనికి శిలాఫలకము నిలుపుచోటు లేదు. క్రొత్త ఓవర్‌హెడ్ ట్యాంకు ఊరి కంతటికి కనబడును. కనుక ట్యాంకులు పెరుగును, గొట్టములు కుళ్ళును.

పారిశుద్ధ్యమున మనకు మంచి యుదాహరణములు లేకపోలేదు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో సూర్యాపేట వీథులలోని చెత్తకుండీలను తొలగించి, ఇంటింట తడిచెత్త పొడిచెత్త వేరుగ సేకరించి, తడిదానిని వానపాముల ఎరువుగ మార్చి, పొడిదానిని అమ్మి, దేశమంతటినుండి మునిసిపాలిటీలవారిని తన్ను చూచుటకు రప్పించుకొన్నది. బొబ్బిలి యొక చెత్తదిబ్బను ఉద్యానముగ మార్చెను. ఈ రెండుచోట్లను గమనింపదగిన దొకటే: గొప్ప యంత్రములు గాని పెద్ద నిధులు గాని లేవు, తెల్లవారుజామున అయిదు గంటలకు వీథిలో నిలిచిన అధికారులు, వారి మాట వినిన మేస్త్రీలు, చెప్పగ చెప్పగ అలవాటుపడిన గృహిణులు ఉండిరి. ఆ అధికారి బదిలీ యైన పిదప ఏమగునను ప్రశ్నయే ఇట్టి కథలన్నింటి చివర నిలిచియుండును. వ్యక్తిచేత నిలిచినది వ్యక్తితో పోవుటకే యవకాశ మెక్కువ.

ఊరు శుభ్రమైనదన్నచో ఆ కీర్తి కమిషనరుకు బహుమతిగ వచ్చును. ఆ శుభ్రము చేసినవారి పేర్లు జీతపు పట్టీలో తప్ప మరెచ్చటను కనబడవు, ఔట్‌సోర్సింగు వచ్చిన పిదప ఆ పట్టీయు మునిసిపాలిటీది కాదు. 2023 డిసెంబరు చివర ఆంధ్రప్రదేశమున పురపాలక కార్మికులు సమ్మెకు దిగి సుమారు రెండు వారములు చీపురు ముట్టనప్పుడు గాని, సంక్రాంతి ముగ్గులు వేయు వీథిని ముందుగ ఊడ్చువా రెవ్వరో చాలమంది గృహస్థులకు స్ఫురింపలేదు. పాకీపనిని నిషేధించు చట్టములు 1993 లోను 2013 లోను వచ్చినవి. ఐనను సెప్టిక్ ట్యాంకు ఊపిరాడని చీకటిలోనికి దిగుచున్న మనుష్యుల కులమేదో అందరకు తెలియును. తెలియనట్లు నటించుటయు అందరకు తెలియును. ఊరి మురుగు గూర్చి ఎవడైనను ఈ సంగతి విడిచి వ్రాసినచో అతడు సిమెంటును గూర్చి వ్రాసినవాడు మాత్రమే.

ఇండ్ల నిర్మాణ అనుమతుల విషయము వేరొక వ్యాసమునకు తగినది. తెలంగాణమున 2020 లో వచ్చిన క్రొత్త పద్ధతి 75 గజముల లోపు స్థలమున ఇల్లు కట్టువానిని రూపాయి రుసుముతో అనుమతి బాధనుండి తప్పించినది. బల్లక్రింది చేతి కదియొక దెబ్బయే. కాని అనుమతి లేని లేఔట్లను డబ్బు కట్టించుకొని క్రమబద్ధము చేయు పథకములు రెండు రాష్ట్రములలోను మాటిమాటికి వచ్చుచుండుట చూడగా, నియమము పాటించినవాడే తెలివితక్కువవాడను పాఠము జనులకు వంటబట్టినది. తెలంగాణమున 2020 లో అట్టి దరఖాస్తులు పాతిక లక్షలకు పైగా వచ్చినవి. అది వసూలు లెక్క మాత్రమే కాదు. ఊళ్ళు పెరిగిన తీరునకు ఒప్పుకోలు పత్రము.

సభ లోపలి సంగతి కొంచెము. రాజ్యాంగము వార్డు కమిటీలను మూడు లక్షలకు తక్కువ కాని జనాభాగల పట్టణములకే తప్పనిసరి చేసినది. చిన్న ఊళ్ళలో అవి యుండిన నుండును, లేకున్న లేదు. ఆంధ్రప్రదేశమున 2019 లో ఏర్పడిన వార్డు సచివాలయములు ధ్రువపత్రములకై తిరుగుట తగ్గించినవని ఒప్పుకొనవలెను. కాని ఆ కార్యదర్శులు కౌన్సిలరుకు జవాబుదారులు కారు. స్త్రీలకు సగము స్థానములు వచ్చినవి. తొలిదినములలో "కౌన్సిలరుగా రెవ్వ"రని యడిగినచో మీసము దువ్వుచు లేచి వచ్చిన భర్తలను చూచి నవ్వితిమి. ఇప్పుడు ఎజెండా చదివి, పనుల కొలతలు వ్రాయు ఎం. బుక్కు తెమ్మని ఇంజనీరును నిలదీయు స్త్రీలను కొన్నిచోట్ల చూచుచున్నాము. నీటికై బిందె పట్టుకొని నిలిచినవారికి నీటిపద్దు త్వరగ బోధపడుట సహజమే. గ్రంథాలయపు సెస్సు సంగతి మాత్రము సభలో ఎవరు నెత్తరు: ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు ప్రజలనుండి వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపవలసినది, పంపక నిలుపుకొనిన బకాయిలు ఊరూర పేరుకొన్నవి. తనకు రావలసిన బాకీకై జప్తు నోటీసు పంపు సంఘము, తానియ్యవలసిన బాకీకి మాత్రము కాలమును నమ్ముకొనును.

గత వర్షాకాలమున, నేను పేరు చెప్పదలపని ఒక పట్టణమున, బజారు నడుమ నీరు నిలిచి రెండు దినములు కదలలేదు. క్రొత్తగ వచ్చిన యువ ఇంజనీరు కాలువల పటము కొరకు కార్యాలయమంతయు వెదకించెను, అట్టిది లేదు. చివరకు ఒక పారిశుద్ధ్య మేస్త్రీ, ముప్పదియేండ్లుగ ఆ వీథులలో పనిచేసి ఇప్పుడు కాంట్రాక్టుపై నున్నవాడు, గడ్డపారతో ఒక మిఠాయి దుకాణము ముందటి పలకను లేపి, "నీళ్ళు ఇటే పోవాలండీ, పాత కాలవ కిందనే ఉంది, మా నాన్న తీసేవాడు" అనెను. పూడిక తీయగా గంటలో నీరు పోయినది. ఇంజనీరు మిక్కిలి సంతోషించి, ఊరిలోని పాతకాలువలన్నియు ఎచ్చటెచ్చట నున్నవో చెప్పుమని యడుగగా, అతడు ఇటుకముక్కతో సిమెంటు అరుగుపై గీతలు గీసి, ఏ సందు నీరు ఏ మూలకు పోవునో చూపెను. ఇంజనీరు దానిని ఫోనులో ఫోటో తీసికొనెను. దసరా వెళ్ళిన పిదప ఆయనకు వేరే ఊరికి బదిలీ యైనది.